ఏడో కాలమ్‌లో వల్లీశం

సంతాపానికి ఒక నిమిషం పట్టింది. సూపరింటెండెంటు గవర్రాజు చేతి గడియారం చూసి "అయిందండీ" అన్నాక ప్రిన్సిపాల్ డాక్టర్ శేషావతారం కళ్ళు తెరిచారు. తెచ్చిన శాలువా మాణిక్యాంబ భుజాల మీద కప్పారు. కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"అమ్మా, మీవారు రాసిన సీరియల్లో పదిహేడు తప్పులున్నాయి," అన్నారు.

మాణిక్యాంబ శాలువా తీసి మడతపెట్టింది. భర్త భీమలింగం పోయి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో పలకరించడానికి వచ్చినవాళ్ళు రకరకాలుగా మాట్లాడారు గానీ, తప్పులు లెక్కపెట్టుకుని వచ్చినవాళ్ళు వీళ్ళే. ఆవిడ నందిలంక హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పి గత జూన్‌లో రిటైరైన మనిషి. తప్పులన్న మాట చెవిన పడగానే అలవాటు కొద్దీ అడిగింది.

"అక్షరదోషాలాండీ, అన్వయదోషాలా?"

"కంటిన్యూటీ దోషాలమ్మా," అన్నారు ప్రిన్సిపాల్, రోగం పేరు చెప్పే డాక్టరులా గొంతు తగ్గించి.

భీమలింగం కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసేవాడు. పడవ వచ్చినప్పుడు తలుపులెత్తడం, పోయాక దించడం ఆయన పని. ఒక పడవకీ ఇంకో పడవకీ మధ్య బోలెడంత తీరిక. ఆ తీరికలో ఆయన 'పరబ్రహ్మంగారి పెంకుటిల్లు' అనే హాస్య సీరియల్ రాశాడు. నూట నాలుగు భాగాలు. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి అది వస్తుంటే జిల్లాలో మంగలిషాపులు కూడా ఖాళీగా ఉండేవి. అందులో పరబ్రహ్మంగారి రెండో కొడుకు వల్లీశం నందిలంక కాలేజీలో చదువుతుంటాడు. చదువుతూనే ఉంటాడు. తర్వాత ఆ ఛానలు మూతపడింది. టేపులన్నీ, ఊరి పేరు సీరియల్లో ఉంది కదా అని, కాలేజీ లైబ్రరీకి పంపారు. అక్కడ ఒక ఇనప బీరువాలో ఉన్నాయి. మరో ప్రతి ఎక్కడా లేదు.

"ఇన్నేళ్ళకి ఆ తప్పులు ఎందుకు కావలసి వచ్చాయండీ?" అంది మాణిక్యాంబ.

ఎందుకంటే కాలేజీకి గ్రేడు కావాలి. గ్రేడు ఇచ్చేది ప్రమాణ నిర్ణయ మండలి. మండలివారి ఫారంలో ఏడో కాలమ్ 'ప్రముఖ పూర్వ విద్యార్థులు'. అరవై రెండేళ్ళలో కాలేజీలోంచి వేలమంది బయటికి వెళ్ళారు. వాళ్ళలో ప్రముఖులెవరో తేల్చడానికి రెండుసార్లు స్టాఫ్ మీటింగు జరిగింది. ఒక మాజీ మంత్రి పేరు పైకొచ్చింది గానీ, ఆయన చదివింది వేరే ఊళ్ళో. ఈ కాలేజీకి నిప్పు పెట్టిన కేసులో మాత్రం ముద్దాయిగా ఉన్నాడు. చివరికి టీ తెచ్చిన అటెండరు నూకాలమ్మ, "మన కాలేజీలో సదివేడని జిల్లా అంతా ఎరిగినోడు ఒక్కడే కదండీ. వల్లీశం," అంది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఏడో కాలమ్ నిండింది. ఫారం వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా మండలి నుంచి జవాబొచ్చింది. సదరు వల్లీశం గారి విద్యాచరిత్రను ఆధారాలతో సమర్పించవలెను. ఒక విద్యార్థికి ఒకే ఒక్క విద్యాచరిత్ర ఉండవలెను. ఏడో కాలమ్‌లో ఒకసారి నమోదైన పేరు ఏ కారణం చేతనూ తొలగించబడదు.

"కల్పిత పాత్ర అని రాసెయ్యలేకపోయారా?" అంది మాణిక్యాంబ.

"రాశామమ్మా. కల్పితం అన్న కాలమ్ ఫారంలో లేదన్నారు."

గవర్రాజు సంచిలోంచి స్పైరల్ బైండింగు చేసిన పుస్తకం తీసి ఇచ్చాడు. 'వల్లీశం విద్యాభ్యాస వైరుధ్యాల నివేదిక.' మాణిక్యాంబ కళ్ళజోడు పెట్టుకుంది.

ఏడో భాగంలో వల్లీశం బి.ఏ. హిస్టరీ క్లాసులో నిద్రపోతాడు. పన్నెండులో జువాలజీ ల్యాబులో బొద్దింకను కోస్తాడు. పంతొమ్మిదిలో హాస్టలు సాంబారు తలుచుకుని ఏడుస్తాడు. ఇరవైలో రోజూలాగే కాలేజీ నుంచి ఇంటికొచ్చి అమ్మ పెట్టిన చారన్నం తింటాడు. ముప్పై మూడులో ఫైనలియరు పరీక్షలు రాస్తాడు. నలభై ఒకటిలో కొత్తగా చేరినవాడిలా సీనియర్ల ముందు నిలబడి పాట పాడతాడు. మూడు ఉగాదులు వచ్చి వెళ్ళినా రెండో సంవత్సరంలోనే ఉంటాడు.

అదే కాలేజీలో చదువుకున్న మాణిక్యాంబకు అవి వైరుధ్యాల్లా కనబడలేదు. ఆ బొద్దింక హాస్టల్లో ఆవిడ గదిలో ఉండే హేమలతది. సబ్బుపెట్టెలో దాచుకునేది. సాంబారు హాస్టలుదే. చారన్నం, అమ్మకి బాగా లేదని హాస్టలు మానేసి ఇంటి నుంచే వెళ్ళివచ్చిన రోజులది. భీమలింగం పదో తరగతితో ఆగిపోయినవాడు, కాలేజీ గేటు దాటి ఎరగడు. "ఏం టీచరమ్మా, మీ కాలేజీలో ఇంకేం జరిగేదేంటి?" అని అడిగేవాడు. ఆవిడ బియ్యం ఏరుతూనో పేపర్లు దిద్దుతూనో, ఏది గుర్తొస్తే అది చెప్పేది. ముందుది వెనక, వెనకది ముందు. ఆయన లాకు రిజిస్టరు చివరి పేజీల్లో రాసుకునేవాడు. తను రెండో సంవత్సరం గురించే అంత ఎక్కువ చెప్పిందన్న సంగతి ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

"ఆరో దోషం చూశారా అమ్మా? కాలేజీకి మూడో అంతస్తు ఉన్నట్టు, అక్కడ వల్లీశం గాలిపటం ఎగరేసినట్టు చూపించారు. మాకున్నవి రెండే," అన్నారు ప్రిన్సిపాల్.

గవర్రాజు ఆయన చెవి దగ్గరికి వంగాడు. "కాయితాల్లో మూడో అంతస్తు ఉందండి. కట్టేసినట్టు రాసి పంపేమండి."

ప్రిన్సిపాల్ గారు కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "రచయిత ముందుచూపు గొప్పది. ఆ దోషం కొట్టెయ్యి. పదహారు."

ఆఖరి దోషం కింద లావుగా గీత ఉంది. అరవై నాలుగో భాగంలో వల్లీశం లేడీస్ వెయిటింగ్ రూములో కిటికీ గట్టు మీద కూర్చుని మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తింటాడు.

"ఇది కంటిన్యూటీ మాత్రమే కాదు, క్రమశిక్షణ!" అన్నారు ప్రిన్సిపాల్. "అరవై రెండేళ్ళ చరిత్రలో మా లేడీస్ వెయిటింగ్ రూములోకి పురుషుడు ప్రవేశించిన దాఖలా లేదు. సున్నం వేసేవాళ్ళని కూడా అనుమతించలేదు."

"అందుకే సున్నం పడలేదండి," అన్నాడు గవర్రాజు.

ఆ కిటికీ గట్టు మీద కూర్చుని మామిడికాయ తిన్నదెవరో మాణిక్యాంబకు తెలుసు.

ప్రిన్సిపాల్ గారు అసలు సంగతికి వచ్చారు. సీరియల్‌కి కొత్త గొంతులతో డబ్బింగు చెప్పించి, దోషాలు సవరించి, 'శుద్ధ ప్రతి' తయారుచేస్తారు. ఒకే విద్యాచరిత్ర ఉండాలి గనక పాత టేపులు నిర్మూలించబడును. రచయిత తదనంతరం హక్కుదారు ఆవిడే గనక ఒక సంతకం కావాలి.

"ఆ టేపుల్లో తప్ప ఆయన మాటలు ఇంకెక్కడా లేవండీ," అంది మాణిక్యాంబ. "రాసిన రిజిస్టర్లు ఇరిగేషన్ వాళ్ళు పట్టుకుపోయారు. తూకానికి వేసేశారట కూడాను."

"మేము మాటలు తీసెయ్యడం లేదు తల్లీ. సత్యాన్ని ప్రతిష్ఠిస్తున్నాం."

"సంతకం పెట్టకపోతేనండీ?"

గవర్రాజు నోటీసు చదివి వినిపించాడు. పదిహేను రోజులు గడువు. గడువులోగా జవాబు రానియెడల అంగీకరించినట్లు పరిగణించబడును. అంగీకరించమని జవాబు వచ్చినయెడల, సదరు జవాబు అందనట్లు పరిగణించబడును.

మాణిక్యాంబ నోటీసు తీసుకుని, అందులో 'నిర్మూళన' అని ఉన్నచోట 'ళ' కింద గీత గీసి, తిరిగి ఇచ్చింది.

*

నాలుగో రోజున కాలేజీలో 'వల్లీశం రికార్డుల క్రమబద్ధీకరణ ఉపసంఘం' సమావేశమైంది. మాణిక్యాంబను ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచారు. ప్రత్యేక ఆహ్వానితులు మాట్లాడకూడదని ఆహ్వానంలోనే ఉంది.

మొదటి అంశం: వల్లీశం ఏ శాఖ విద్యార్థి? ఏడో కాలమ్‌లో పేరున్న ప్రముఖుడు గనక శాఖలన్నీ సిద్ధమై వచ్చాయి.

"మా క్లాసులో నిద్రపోయాడు. మా వాడే," అన్నాడు హిస్టరీ శాఖాధిపతి. "వేరే శాఖవాడికి మా క్లాసులోకొచ్చి నిద్రపోవాల్సిన అవసరం ఏముంటుంది?"

"బొద్దింక మాది. కోత కూడా శాస్త్రీయంగా ఉంది," అంది జువాలజీ మేడమ్. "టేపు ఆపి మరీ చూశాను."

"ఇరవై ఏడో భాగంలో 'మా బి.కాం. వాళ్ళకి' అని స్వయంగా అన్నాడు," అన్నాడు కామర్సు ఆయన. "నోటి మాటని మించిన ఆధారం ఏముందండీ?"

ముగ్గురూ లేచి నిలబడ్డారు. హిస్టరీ ఆయన జువాలజీ మేడమ్‌ని, "మీ డిపార్టుమెంటుకి బొద్దింకలు తప్ప ఇంకెవరూ రారు కదా," అన్నాడు. "వచ్చినవాళ్ళు మెలకువగానైనా ఉంటారు," అందావిడ. అప్పుడు గవర్రాజు చిన్నగా దగ్గాడు.

"ఒక్క మనవండి. నూట నాలుగు భాగాల్లో కుర్రోడు కాలేజీలో కనబడింది పదకొండిట్లోనండి. అంటే హాజరు పదిన్నర శాతం. పరీక్ష రాసినా తప్పుతాడండి. తప్పితే ఆ శాఖ ఉత్తీర్ణత శాతంలోంచి పోద్దండి."

ముగ్గురూ కుర్చీల కోసం వెనక్కి తడుముకున్నారు.

"నిద్రన్నది ఎవరికైనా, ఎక్కడైనా రావచ్చు," అన్నాడు హిస్టరీ ఆయన కూర్చుంటూ.

"బొద్దింకలు ఇళ్ళల్లోనూ ఉంటాయి," అంది మేడమ్.

"'మా వాళ్ళకి' అన్నాడు గానీ 'నాకు' అన్లేదు కదండీ," అన్నాడు కామర్సు ఆయన.

వల్లీశాన్ని చీటీ తీసి హిస్టరీకి కేటాయించారు. హిస్టరీ ఆయన అసమ్మతి నమోదు చేయించుకున్నాడు.

హాజరు కొరతకి వైద్య ధ్రువపత్రం కావలసి వచ్చింది. ముప్పై ఆరో భాగంలో వల్లీశానికి గవదబిళ్ళలు వస్తాయి. కాలేజీ డాక్టరు ఆ భాగం రెండుసార్లు చూసి, 'రోగిని స్వయముగా పరీక్షించితిని' అని రాసిచ్చాడు. నాడి ఎలా చూశారని ప్రిన్సిపాల్ అడిగితే, "బొమ్మ ఆపి చూశానండి. ఆపితే కొట్టుకోలేదు. అందుకే మూడు వారాలు విశ్రాంతి రాశాను," అన్నాడు.

ఇక పరీక్ష మిగిలింది. వల్లీశం వేషం వేసిన తాండవకృష్ణని వెతికి పట్టుకున్నారు. ఇప్పుడతనికి యాభై మూడేళ్ళు, రామచంద్రపురం దగ్గర టెంటుహౌసు నడుపుకుంటున్నాడు. సన్మానం అనుకుని పట్టు లాల్చీ వేసుకొచ్చాడు. వరండాలో మాణిక్యాంబని చూడగానే చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు.

"వదినగారూ, పరీక్ష రాయమంటన్నారేటండీ ఈళ్ళు? అన్నయ్యగారు రాసింది పలికేను గానీ, నేను సదివింది ఎనిమిదే కదండీ!"

"నాకు తెలుసు తాండవం. నువ్వు వల్లీశం తరఫున రాస్తున్నావట."

"ఆడు మాత్రం ఏం సదివేడండీ? మూడుగంటలు కూకోబెడతారంట. నడుం నొప్పండి నాకు."

హాల్లో అతనికి ప్రశ్నపత్రం ఇచ్చారు. అటూ ఇటూ తిప్పి చూసి, "నా డైలాగు ఎక్కడుందండీ?" అని అడిగాడు. పర్యవేక్షకుడు సొంతంగా రాయాలన్నాడు. "అయితే ప్రాంప్టింగు ఎవరండీ?" అన్నాడు తాండవకృష్ణ. ప్రాంప్టింగు మాట ఎత్తినందుకు అతని మీద మాల్‌ప్రాక్టీసు కేసు రాయబోతే ప్రిన్సిపాల్ వచ్చి ఆపారు. ఆ తర్వాత తాండవకృష్ణ తలవంచుకుని మూడుగంటలూ ఆగకుండా రాశాడు. అడిషనల్ షీట్లు నాలుగు తీసుకున్నాడు. ప్రిన్సిపాల్ గారికి ప్రాణం లేచివచ్చింది.

పేపరు దిద్దిన హిస్టరీ ఆయన నూటికి తొమ్మిది వేశాడు. మొఘలుల పరిపాలనా విధానాన్ని వివరింపుము అన్న ప్రశ్న కింద, 'అమ్మా, ఈ పూటా చారేనా? చారు కాదురా, నిన్నటి చారుకి వాళ్ళ తమ్ముడు' అని ఉంది. రాసిందంతా అలాగే ఉంది. అతనికి పాతికేళ్ళ కింద కంఠతా వచ్చిన మాటలన్నీ, ప్రశ్నలతో నిమిత్తం లేకుండా, పేజీలకి పేజీలు నింపాడు. తొమ్మిది మార్కులూ దస్తూరీకట.

మాణిక్యాంబ ఆ పేపరు చూస్తానని అడిగి తీసుకుంది. వరండాలో నిలబడే మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఎక్కడ చూసినా ఇంటూ గుర్తులు. భీమలింగం మాటలు. రెండు చోట్ల ఆవిడకి నవ్వొచ్చింది. చదివాక పేజీలు సరిచేసి, దారం ముడి బిగించి తిరిగి ఇచ్చింది.

"వేల పేపర్లు దిద్దిన చెయ్యి కదమ్మా మీది. మీరైతే ఎన్ని వేసుందురు?" అన్నాడు గవర్రాజు.

"నేనైతే దిద్దనండీ."

*

తప్పిన ప్రముఖుణ్ణి మండలికి చూపించడం కుదరదు. గడువు ముగియడానికి రెండు రోజులుందనగా ఉపసంఘం అత్యవసరంగా కూర్చుంది. ప్రిన్సిపాల్ గారు చాలాసేపు ఆలోచించి లేచారు.

"సభ్యులారా, వైరుధ్యాలు ఎక్కడినుంచి ఉద్భవిస్తున్నాయి? ఆధారాలనుంచి. ఆధారాలే లేనినాడు వైరుధ్యాలు ఉండవు. కావున నూట నాలుగు టేపులనూ సంపూర్ణంగా చెరిపివేసినట్లయితే, వల్లీశం గారు బి.ఏ. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైనారని మనం నిరాటంకంగా వ్రాసుకోవచ్చును. డబ్బింగు శ్రమ కూడా తప్పుతుంది."

ఈ తర్కానికి ఎదురు లేకపోయింది. చెరపడానికి ఫిజిక్స్ శాఖ తన పెద్ద గుర్రపునాడా అయస్కాంతాన్ని ఇస్తానంది. ల్యాబులో పనిచేస్తున్న పరికరం అదొక్కటే. శుక్రవారం పదిన్నరకి నిర్మూలన, సోమవారం మండలి రాక.

కబురు తెలిసి గురువారం మధ్యాహ్నం మాణిక్యాంబ ఆఫీసుకి వెళ్ళింది. అభ్యంతరం కాగితం మీద పెట్టి తెచ్చింది. అందనట్లు పరిగణిస్తారని తెలుసు. అయినా ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాసింది. ఆఫీసులో గవర్రాజు ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద గుడ్డలో చుట్టిన అయస్కాంతం. దానికి అప్పటికే గుండుసూదులు, ఒక కత్తెర అతుక్కుని ఉన్నాయి.

"కూర్చోండమ్మా. నూకాలమ్మా, టీచరుగారికి టీ అట్రా," అని అతను కాగితం అందుకున్నాడు. "మీ దస్తూరీ చూస్తే కళ్ళకద్దుకోవాలనిపిస్తాదండి. ఇది నాకు అందలేదండి."

"తెలుసండీ."

"నన్ను తప్పుపట్టకండమ్మా. మా ఇంట్లో కూడా ఆదివారం ఆదివారం సూసేవోళ్ళమే. పద్నాలుగు సార్లు రాసేను ఆడి రికార్డు. ఒకచోట అతికితే ఇంకోచోట చిరుగుద్దండి. బియ్యే అంటాడు, బీకామంటాడు, హాస్టలంటాడు, ఇల్లంటాడు. ఈ వల్లీశానికి అసలు కంటిన్యూటీయే లేదండి."

మాణిక్యాంబ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. క్లాసులో జవాబు దగ్గరిదాకా వచ్చి ఆగిపోయిన పిల్లల్ని ఎలా అడిగేదో అలాగే, నెమ్మదిగా అడిగింది.

"గవర్రాజుగారూ, కంటిన్యూటీ లేని విద్యార్థిని మీ రిజిస్టర్లో ఏమని రాస్తారండీ?"

"ఏమని రాస్తామండీ... డిస్కంటిన్యూ అని రాస్తాం."

అని నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. చేతిలో పెన్ను జారితే దాన్ని అయస్కాంతం లాక్కుంది.

"డిస్కంటిన్యూ అయినవాడు మళ్ళీ చేరొచ్చాండీ?"

"ఆయ్! ఎప్పుడైనా చేరొచ్చండి. ఏ గ్రూపులోనైనా చేరొచ్చు. ఎన్నిసార్లయినా చేరొచ్చు. లిమిట్టు ఎక్కడా రాయలేదండి!"

అతను తెల్లకాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. ఏడో భాగంలో బి.ఏ., తర్వాత డిస్కంటిన్యూ. పన్నెండులో బి.ఎస్సీ.లో చేరిక, డిస్కంటిన్యూ. హాస్టల్లో చేరిక, హాస్టలు డిస్కంటిన్యూ, చారన్నం. ఫైనలియరు పరీక్షల మధ్యలో డిస్కంటిన్యూ. ఏడాది పోయాక కొత్తగా చేరిక, గనక సీనియర్లు పాట పాడించడం న్యాయమే. ఆ తర్వాత చేరినప్పుడల్లా రెండో సంవత్సరం దాకా వచ్చి మానెయ్యడం వల్ల మూడు ఉగాదులూ రెండో సంవత్సరంలోనే. మాణిక్యాంబ భాగం సంఖ్యలు జ్ఞాపకం చేస్తుంటే అతను గీతలు గీశాడు.

"మామిడికాయ?" అన్నాడు చివర్లో, బెంగగా.

"ఆ రోజుకి డిస్కంటిన్యూ అయి ఉన్నాడా?"

"ఉన్నాడండి."

"అయితే విద్యార్థి కాదుగా. గది బయట బోర్డు మీద ఏముంది?"

గవర్రాజు లేచి వెళ్ళి చదివొచ్చాడు. 'విద్యార్థులకు ప్రవేశము లేదు.' విద్యార్థులు కానివాళ్ళ ప్రస్తావన బోర్డు మీద లేదు.

ప్రిన్సిపాల్ గారు మొదట ఒప్పుకోలేదు. ప్రముఖ పూర్వ విద్యార్థి చదువు పదమూడుసార్లు మానేశాడంటే సంస్థ పరువేం కావాలన్నారు. మాణిక్యాంబ ఆలోచించి, "మానేసింది పదమూడుసార్లేనండీ. చేరింది పద్నాలుగుసార్లు," అంది.

ఆ ఒక్క అంకె ఆయనకి పట్టింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచే డిక్టేషను ఇచ్చారు. "వ్రాయండి గవర్రాజుగారూ. ఒకే విద్యార్థి పద్నాలుగు పర్యాయములు ఇదే సంస్థను ఎంచుకొనుట, సంస్థపై విద్యార్థిలోకమునకు గల అచంచల విశ్వాసమునకు నిదర్శనము. అందుకు గల ఏకైక మూలాధారమైన టేపులు శాశ్వతముగా భద్రపరచబడును. ఒక్క అక్షరము మార్చినను రికార్డు అసత్యమగును."

అయస్కాంతం ల్యాబుకి తిరిగి వెళ్ళింది. కత్తెర కూడా దాంతోనే వెళ్ళింది.

*

సోమవారం మండలి వచ్చింది. అధ్యక్షుడు ప్రొఫెసర్ గరుడాచలం సన్నటి మనిషి. మాట తక్కువ, భూతద్దం ఎక్కువ. రచయిత సతీమణి అని పరిచయం చేసి మాణిక్యాంబని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన వల్లీశం రికార్డు తెరిచి గంటసేపు చూశాడు. ప్రిన్సిపాల్ గారి చెమట మీద పూలదండ రేకులు అతుక్కున్నాయి.

"చేరికలు పద్నాలుగు," అన్నాడు గరుడాచలం.

"చిత్తం."

"డిస్కంటిన్యూలు పదమూడు."

"చిత్తం చిత్తం."

"తొంభై ఆరో భాగంలో బి.ఏ. రెండో సంవత్సరంలో చేరాడు. ఆ తర్వాత మానేసినట్టు ఎక్కడా లేదు. నూట నాలుగుతో సీరియల్ అయిపోయింది."

ఎవరికీ అర్థం కాలేదు. మాణిక్యాంబకి అర్థమైంది. పద్నాలుగు అన్న అంకె తనే ఇచ్చింది.

"అనగా," అన్నాడు గరుడాచలం భూతద్దం దించి, "సదరు విద్యార్థి నేటికీ మీ రోల్స్ మీద ఉన్నాడు. రోల్స్ మీద ఉన్నవాడు క్లాసులో ఉండవలెను. ఉన్నట్లయితే సంతోషం, ఏడో కాలమ్ నుంచి పదకొండో కాలమ్‌కు మారుస్తాం. లేనట్లయితే ఈ రికార్డు కల్పితం. కల్పిత రికార్డులూ, వాటికి ఆధారాలుగా చూపిన సమస్త వస్తువులూ మా సమక్షంలోనే ధ్వంసం చేయవలెను. పదండి, హాజరు చూద్దాం."

అందరూ రెండో సంవత్సరం బి.ఏ. క్లాసుకి నడిచారు. గవర్రాజు దారిలోనే పరుగెత్తుకెళ్ళి హాజరు పట్టీలో ఆఖరి వరసన పేరు రాసేశాడు. అంతకుమించి అతనేం చెయ్యగలడు? పిల్లలు లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నారు. మండలివారు గోడవారన నిలబడ్డారు. మాణిక్యాంబ అందరికంటే వెనక వచ్చింది గనక, తలుపు పక్కనున్న ఆఖరి బెంచీ చివర కూర్చుంది.

హిస్టరీ ఆయన హాజరు పట్టీ విప్పాడు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయన హాజరు వేసేటప్పుడు తల ఎత్తి ఎరగడు. పేరు పిలవడం, పలుకు వినబడితే టిక్కు పెట్టడం, తర్వాతి పేరు. మండలి వచ్చిందని పద్ధతి మార్చుకోలేదు.

"నలభై అయిదు, లోవరాజు."

"ప్రెజెంట్ సార్."

"నలభై ఆరు, వరలక్ష్మి."

"ప్రెజెంట్ సార్."

"నలభై ఏడు, వల్లీశం."

ముందు బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. ప్రిన్సిపాల్ గారు కళ్ళు మూసుకున్నారు, ఈసారి గడియారం చూసేవాళ్ళు ఎవరూ లేరు. హిస్టరీ ఆయన పెన్ను ఆ గడి మీద ఆగి ఉంది.

"వల్లీశం?" అన్నాడు రెండోసారి. మూడోసారి పిలవడం ఆయన అలవాటు కాదు.

"ప్రెజెంట్ సార్," అంది మాణిక్యాంబ.

ముప్పై రెండేళ్ళు వెనక బెంచీదాకా వినబడేలా పాఠం చెప్పిన గొంతు. ఇప్పుడు వెనక బెంచీ నుంచి ముందుకి వినబడింది. హిస్టరీ ఆయన టిక్కు పెట్టి పట్టీ మూశాడు. పిల్లలందరూ వెనక్కి తిరిగారు. గరుడాచలం కూడా తిరిగాడు. తెల్లచీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చేతులు బెంచీ మీద పెట్టుకుని కూర్చున్న ఆవిడని చాలాసేపు చూశాడు. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి పట్టీ తెరిపించి, భూతద్దంతో ఆ టిక్కుని చూశాడు.

"సార్, అది..." అన్నారు ప్రిన్సిపాల్.

"మేము మనుషులను చూడం," అన్నాడు గరుడాచలం. "రిజిస్టరు చూస్తాం. హాజరు ఉన్నది."

పదకొండో కాలమ్ పేరు 'విద్యార్థులను నిలుపుకొనుటలో సంస్థ కృషి'. పాతికేళ్ళకు పైగా ఒక విద్యార్థిని నిలుపుకున్న సంస్థ రాష్ట్రంలో ఇంకొకటి లేదని మండలి అక్కడే రాసింది. కాలేజీకి కోరిన గ్రేడు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు ఎవరు దొరికితే వాళ్ళకి శాలువా కప్పారు.

మాణిక్యాంబ మెట్లు దిగి గేటు వైపు నడిచింది. చదువుకున్న రోజుల్లో ఆవిడ ఎవరి బదులూ పలికి ఎరగదు. హేమలత బతిమాలినా పలకలేదు, భయం. అందుకే ఆ ముచ్చట భీమలింగానికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక భాగం రాసేవాడు. ఇవాళ ఇంటికెళ్ళగానే చెప్పాలి అనుకుంది. నాలుగడుగులు వేశాక ఆగింది. పక్కనే ఉన్న సైకిలు స్టాండు గొట్టం పట్టుకుని కాసేపు నిలబడింది.

"టీచరుగారండీ!" గవర్రాజు రొప్పుతూ వచ్చాడు. "ఎలా చెప్పాలో తెలియట్లేదండి. మండలోళ్ళు ఇంకో ముక్క రాసెళ్ళారు. పదకొండో కాలమ్ విద్యార్థికి హాజరు తగ్గకూడదంటండి. తగ్గితే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే ఆ టేపులు మళ్ళీ..."

"రోజూ రావాలాండీ?"

"ఆదివారం సెలవండి," అన్నాడు గవర్రాజు, ఎంతో కొంత ఇవ్వగలిగినందుకు ఊరటగా.

"మొదటి పీరియడ్ ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకండి. ఆలస్యమైతే హిస్టరీ ఆయన లోపలికి రానివ్వరండి."

"చూస్తే కదండీ," అంది మాణిక్యాంబ.

గవర్రాజు నవ్వాలో వద్దో తేల్చుకునే లోపల ఆవిడ గేటు దాటింది. బజారు మలుపులో పుస్తకాల కొట్టు దగ్గర ఆగి రెండొందల పేజీల లాంగ్ నోట్సు ఒకటి, పెన్ను ఒకటి అడిగింది. ఏళ్ళ తరబడి అలవాటైన కొట్టతను చూడకుండానే ఎర్ర పెన్ను తీసి నోట్సు మీద పెట్టాడు.

"ఇది కాదు నాయనా," అంది. "నీలంది ఇవ్వు."